జ్వరం తగ్గితే జబ్బు తగ్గినట్టేనా?

బడికి రాని స్నేహితుణ్ణి “ఏమిట్రా జబ్బు?” అని అడిగితే “జ్వరం” అంటాడు. డాక్టరుగారు మాత్రం ఆ జవాబుతో తృప్తిపడరు. “జ్వరం సరే, అది దేనివల్ల వచ్చింది?” అని వెదుకుతారు. ఎందుకంటే జ్వరమే జబ్బు కాదు. లోపల జరుగుతున్న జబ్బు పైకి కనిపించే విధాలలో అది ఒకటి. ఆ లోపలి కథను పరిశీలించే శాస్త్రమే పాథాలజీ, అంటే వ్యాధి విజ్ఞానం. ఈ శాస్త్రంలోని ముఖ్యమైన మాటలను, మనం తరచుగా వినే మలేరియా సాయంతో తెలుసుకుందాం.

కారకం, వాహకం

మలేరియా అనే మాటకు ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థం. చిత్తడి నేలల నుండి లేచే చెడుగాలి వలన ఈ జ్వరం వస్తుందని పూర్వం నమ్మేవారు. 1880లో అల్జీరియాలో పనిచేస్తున్న లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు, మలేరియా రోగి రక్తంలో కదలాడే సూక్ష్మజీవులను సూక్ష్మదర్శినిలో చూశాడు. ఈ ఏకకణ పరాన్నజీవుల పేరు ప్లాస్మోడియం. ఇలా వ్యాధిని కలిగించే దానిని ‘వ్యాధి కారకం’ అంటారు.

మరి ఈ కారకం ఒకరి నుండి మరొకరికి ఎలా చేరుతుంది? దీనికి ముఖ్యమైన ఆధారం మన సికింద్రాబాదులోనే దొరికింది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన దోమను కోసి చూడగా, దాని జీర్ణాశయపు గోడలో పరాన్నజీవి కనిపించింది. 1898లో ఆయన కలకత్తాలో పక్షుల మలేరియాను పరిశోధించి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటు ద్వారా వ్యాపిస్తుందని నిరూపించాడు. మనుషులకు దీనిని అంటించేది ఆడ అనాఫిలిస్ దోమ అని అదే సంవత్సరం ఇటలీ శాస్త్రజ్ఞులు చూపారు.

ఇక్కడ దోమ కారకం కాదు, ‘వాహకం’ మాత్రమే. పరాన్నజీవి లేని దోమ ఎన్నిసార్లు కుట్టినా మలేరియా రాదు.

పొదిగే కాలం

దోమ కుట్టిన రోజే జ్వరం రాదు. లాలాజలంతో పాటు లోపలికి వచ్చిన పరాన్నజీవులు రక్తంలో ప్రయాణించి కాలేయం చేరుకుంటాయి. అక్కడి కణాలలో వేల సంఖ్యలో వృద్ధి చెందుతాయి. అంతవరకు మనిషి మామూలుగానే తిరుగుతుంటాడు! కారకం శరీరంలో ప్రవేశించినప్పటి నుండి మొదటి లక్షణం కనిపించే వరకు గల వ్యవధిని ‘పొదిగే కాలం’ అంటారు. మలేరియాలో ఇది సాధారణంగా 10 నుండి 15 రోజులు.

రోగోత్పత్తి క్రమం

కాలేయం నుండి వెలువడిన పరాన్నజీవులు ఎర్ర రక్తకణాలలో దూరతాయి. అక్కడి హీమోగ్లోబిన్‌ను తిని పెరిగి, కణాన్ని పగులగొట్టుకొని బయటపడి, కొత్త కణాలలో ప్రవేశిస్తాయి. వైవాక్స్ అనే రకంలో ఈ చక్రం పూర్తికావడానికి సుమారు 48 గంటలు పడుతుంది. అసంఖ్యాకమైన కణాలు ఒక్కసారిగా పగిలినప్పుడు వెలువడే పదార్థాలకు శరీరం స్పందిస్తుంది. అందువలన ముందు చలి, వణుకు, తరువాత జ్వరం, చివరకు చెమటలు వస్తాయి. రోజు విడిచి రోజు జ్వరం రావడంలోని రహస్యం ఇదే. కణాలు నశించడంతో రక్తహీనత కలుగుతుంది. పాడైన కణాలను వడగట్టే ప్లీహం ఉబ్బుతుంది. కారకం నుండి బాధ వరకు ఇలా సాగే సంఘటనల వరుసను ‘రోగోత్పత్తి క్రమం’ అంటారు.

లక్షణం, చిహ్నం

తలనొప్పి, చలి, ఒళ్ళునొప్పులు రోగి చెబితేనే తెలుస్తాయి. ఇవి ‘లక్షణాలు’. పాలిపోయిన కనురెప్పల లోపలి భాగం, థర్మామీటరు చూపే వేడి, చేతికి తగిలే ప్లీహం డాక్టరు పరీక్షించి కనుగొనేవి. ఇవి ‘చిహ్నాలు’. ఈ రెండూ అనుమానానికి దారితీస్తాయేగాని రుజువు కావు. టైఫాయిడ్, డెంగీలలో కూడా జ్వరం, తలనొప్పి ఉంటాయి కదా! వేలికొన నుండి తీసిన రక్తపు చుక్కను గాజు పలకపై పూసి, రంగు వేసి, పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూస్తే అనుమానం తీరుతుంది. ఇలా జబ్బు ఫలానాదని తేల్చడమే ‘రోగ నిర్ధారణ’.

ఉపద్రవం, తిరగబెట్టడం

ఫాల్సిపారం అనే రకం పరాన్నజీవి చేరిన ఎర్రకణాలు సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుంటాయి. మెదడులో ఇలా జరిగితే రోగి స్పృహ కోల్పోతాడు. ప్రాణాపాయం కూడా కలుగుతుంది. జబ్బు ముదిరి తెచ్చిపెట్టే ఇటువంటి కొత్త ప్రమాదాన్ని ‘ఉపద్రవం’ అంటారు. 2023లో ప్రపంచంలో సుమారు 5,97,000 మంది మలేరియాతో మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీరిలో ఎక్కువమంది ఆఫ్రికాలోని ఐదేళ్ళలోపు పిల్లలే.

వైవాక్స్ రకం మరో విధంగా మోసగిస్తుంది. కొన్ని పరాన్నజీవులు కాలేయంలో నిద్రాణంగా ఉండిపోయి, వారాలు, నెలలు గడిచాక మేల్కొంటాయి. జబ్బు ‘తిరగబెట్టడం’ అంటే ఇదే. రక్తంలోని పరాన్నజీవులను చంపే మందు వీటిని ఏమీ చేయలేదు. వీటికోసం ప్రైమాక్విన్ వంటి మందును డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలి. రెండు రోజులకే జ్వరం తగ్గిందని మాత్రలు మానేస్తే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. లక్షణం పోయింది, కారకం మిగిలింది!

ఇక మీ వంతు. టైఫాయిడ్‌ను తీసుకోండి. దాని కారకం ఏది? అది ఏ దారిన శరీరంలోకి వస్తుంది? దాని పొదిగే కాలం ఎంత? అందులో లక్షణాలేవి, చిహ్నాలేవి? జవాబులు రాసి మీ జీవశాస్త్రం మాస్టారికి చూపించండి.