ఆర్చీ కుర్చీ

వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం దాచిపెట్టిన వస్తువుల్లో ఒక పాత కుర్చీ ఉంది. ఏ ప్రెసిడెంటుదో కాదు. ఆర్చీ బంకర్ అనే టీవీ పాత్రది. నోరు విప్పితే నల్లవాళ్లనో, యూదులనో, ఆడవాళ్లనో ఏదో ఒకటి అననిదే ఉండలేని మొండిఘటం ఈ ఆర్చీ. అలాంటివాణ్ని కామెడీ సీరియల్‌కి హీరోని చేసిన ప్రొడ్యూసర్ నార్మన్ లియర్. 1922లో పుట్టి, 2023 డిసెంబర్ 5న 101 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

లియర్‌కి తొమ్మిదేళ్లప్పుడు తండ్రి నకిలీ బాండ్ల కేసులో జైలుకెళ్లాడు. తల్లి సామాన్లన్నీ అమ్మేస్తుంటే నాన్న కూర్చునే ఎర్ర తోలు కుర్చీ కూడా పోయింది. అప్పుడే ఒక పెద్దమనిషి భుజమ్మీద చెయ్యేసి, ఇక ఈ ఇంటికి మగదిక్కువి నువ్వే అన్నాడట. ఏడుస్తున్న పిల్లాడితో అనే మాటేనా అది! మనుషుల వెర్రితనం తనకి మొదట కనిపించింది అక్కడేనని లియర్ తర్వాత చెప్పుకున్నాడు.

రెండో ప్రపంచయుద్ధంలో బాంబర్ విమానాల్లో 52 సార్లు దాడులకెళ్లొచ్చి, కామెడీ రాయడంలో పడ్డాడు. బ్రిటన్‌లో మామా అల్లుళ్లు రోజూ కొట్లాడుకునే సీరియల్ ఒకటి వస్తోందని తెలియగానే తన తండ్రే గుర్తొచ్చాడు. ఆయన కూడా భార్యని నోర్మూసుకోమని గదమాయించే రకమే. అలా పుట్టింది 'ఆల్ ఇన్ ద ఫ్యామిలీ'. ఇల్లరికంలాగా అత్తారింట్లోనే ఉంటూ చదువుకునే అల్లుడు, అతని ప్రతి మాటా గిట్టని మామ. ఏబీసీ ఛానల్ రెండుసార్లు పైలట్ తీయించి, రెండుసార్లూ వద్దంది. చివరికి సీబీఎస్ తీసుకుంది. ఆర్చీగా వేసిన క్యారల్ ఓకానర్‌కైతే ఇది నడుస్తుందన్న నమ్మకమే లేదు. అప్పటికి రోమ్‌లో ఉంటున్న ఆయన, తిరుగు టికెట్‌కి కూడా హామీ తీసుకునే వచ్చాడు.

1971 జనవరి 12న మొదటి ఎపిసోడ్. అందులో ఒక్క డైలాగ్ దగ్గర గొడవ మొదలైంది. చర్చి నుంచి ముందే ఇంటికొచ్చేసిన ఆర్చీకి కూతురూ అల్లుడూ పడగ్గదిలో ఏం చేస్తున్నారో అర్థమవుతుంది. ఆదివారం పొద్దున్నే, పదకొండింటికా అని విస్తుపోతాడు. అంతే. ఆ మాట తీసెయ్యమంది ఛానల్. తీస్తే రేపట్నుంచి నేను రానన్నాడు లియర్. ఆ డైలాగ్ లేకపోయినా కథకి వచ్చే నష్టమేం లేదు. కానీ ఇక్కడ తగ్గితే ప్రతి వారం తగ్గాల్సిందేనని అతని లెక్క. ఛానలే తగ్గింది. ఫిర్యాదులు వెల్లువెత్తుతాయేమోనని ఫోన్ల దగ్గర అదనంగా మనుషుల్ని పెట్టుకుంది కూడా. వచ్చిన ఫోన్లు మాత్రం కొన్నే.

తర్వాత వరసగా ఐదు సీజన్లు అదే అమెరికాలో నంబర్ వన్. 'మాడ్' సీరియల్‌లో 47 ఏళ్ల నాయికకి గర్భం వస్తే, ఉంచుకోవాలా వద్దా అనే కథ 1972 నవంబర్‌లోనే చూపించేశాడు. అబార్షన్ హక్కుపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది ఆ తర్వాత రెండు నెలలకి.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది 'గుడ్ టైమ్స్' సంగతి. షికాగోలో సర్కారు ఇచ్చిన ఫ్లాట్‌లో బతికే నల్లజాతి కుటుంబం. మొదటి ఆలోచనలో అందులో తండ్రి లేడు. భర్త ఉంటేనే చేస్తానని తల్లి పాత్ర వేసిన ఎస్తర్ రోల్ పట్టుబట్టింది. ఆ పాత్రకి జాన్ ఏమస్ వచ్చాడు. కానీ పెద్దకొడుకు జేజే వెకిలి వేషాలకి చప్పట్లు పెరిగేకొద్దీ రచయితలు అటే మొగ్గారు. మిగతా ఇద్దరు పిల్లలకి చదువూ ఆశయాలూ ఉన్నాయి, వాళ్ల కథలేవని ఏమస్ అడిగేవాడు. గట్టిగానే అడిగేవాడు, తనకి లౌక్యం తక్కువని తర్వాత ఒప్పుకున్నాడు కూడా. 1976లో అతన్ని తీసేశారు. కథలో తండ్రిని కారు యాక్సిడెంట్‌లో చంపేశారు.

ఛానల్‌తో లియర్ పడిన గొడవా ఇలాంటిదే కదా. ఒక్క డైలాగ్ కోసం వెళ్లిపోతానన్నవాడు, తన సెట్‌లో అలా అన్నవాణ్ని భరించలేకపోయాడు. ఎంత గొప్ప ప్రొడ్యూసరైనా ఇక్కడ నా ఓటు ఏమస్‌కే.

1994లో లియర్ మళ్లీ ఒక సీరియల్ తీశాడు. ఆర్చీ వాళ్ల పాతింట్లో ఇప్పుడు ఒక నల్లజాతి కుటుంబం ఉంటుంది. ఇంటి పెద్దగా ఏమస్‌నే పిలిచాడు. అది ఎక్కువ రోజులు నడవలేదు. 2019లో 'గుడ్ టైమ్స్' ఎపిసోడ్ ఒకటి లైవ్‌గా మళ్లీ వేసినప్పుడు కూడా ఏమస్ ఒక చిన్న వేషంలో కనిపించాడు. లియర్‌కి అప్పుడు 97 ఏళ్లు.