పెప్టైడ్ కాల్షియం అంటే ఏమిటి? గుడ్డు పెంకుల ద్రావణం మనం తాగొచ్చా?

టమాటాలో కాయ అడుగు కుళ్ళుకి గుడ్డు పెంకులు, వెనిగర్‌తో కాల్షియం ద్రావణం చేసే వీడియో పెట్టినప్పటి నుంచి ఫోన్లో ఒకటే ప్రశ్న. "అన్నా, మొక్కకి పనిచేసేది మనిషికి పనిచేయదా? మోకాళ్ళ నొప్పులకి రోజూ ఒక మూత తాగితే?" ముందే చెప్పేస్తా, తాగొద్దు. ఎందుకో చివర్లో రాస్తాను. ఈ విషయం ఇంత పొడుగ్గా రాయడానికి కారణం మా అమ్మ.

పోయిన ఏడాది అమ్మ పశువుల కొట్టంలో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆమెకి 68 ఏళ్ళు. డాక్టరు కట్టు కట్టి కాల్షియం మాత్రలు, డి విటమిన్ రాశారు. నెల తిరక్కముందే మా బంధువొకాయన 'పెప్టైడ్ కాల్షియం' అని ఒక పొడి డబ్బా తెచ్చాడు. 1,900 రూపాయలు. "ఆ మాత్రలు ఉత్త సున్నపురాయి, కిడ్నీలో రాళ్ళవుతాయి. ఇదైతే ప్రోటీన్‌తో కట్టింది, నేరుగా ఎముకలోకి పోతుంది" అన్నాడు. అమ్మ మాత్రలు, డి విటమిన్ రెండూ ఆపేసింది. నేనూ ఊరకే ఉండిపోయా. రసాయనం కాదు, ప్రోటీన్ అన్నాడు కదా అని. మూడు నెలలు అట్లాగే గడిచిపోయాయి.

ఇంతకీ ఆయన చెప్పినదాంట్లో నిజమెంత? కొంత ఉంది. ప్రోటీన్‌ని ఎంజైములతో చిన్న చిన్న ముక్కలు చేస్తే వచ్చేవే పెప్టైడ్లు. పాలు, సోయా, చేప, ఇట్లాంటి వాటి ప్రోటీన్ నుంచి తీస్తారు. ఆ ముక్కలు కాల్షియాన్ని పట్టుకొని ఉంటాయి. మన పశువులకి పెట్టే 'చీలేటెడ్' మినరల్ మిక్చర్ ఉంది కదా, ఆలోచన అదే. ఎందుకు పట్టుకోవాలి అంటే, కడుపులో ఆమ్లం ఉంటుంది కాబట్టి అక్కడ కాల్షియం కరుగుతుంది. పేగులోకి దిగేసరికి ఆ ఆమ్లం తగ్గిపోతుంది. అక్కడ ఫాస్ఫేట్, గింజల్లోని ఫైటేట్, ఆకుల్లోని ఆక్సలేట్ కాచుకొని ఉంటాయి. కాల్షియాన్ని పట్టుకొని గడ్డ కట్టించేస్తాయి. గడ్డ కట్టింది ఒంటికి పట్టదు, బయటికి పోతుంది. పాలకూరలో కాల్షియం లేక కాదు, ఆక్సలేట్ వల్ల అందులో మనకి దక్కేది నూటికి 5 వంతులే. పాలలోదైతే ఇంచుమించు 30 వంతులు దక్కుతుంది.

పాలలో ఏముంది మరి? కేసిన్ అనే ప్రోటీన్. అది మన పేగులో అరిగేటప్పుడు ఫాస్ఫోపెప్టైడ్లు అనే ముక్కలు పుడతాయి. కాల్షియం గడ్డ కట్టకుండా అవి పట్టుకుంటాయి. స్వీడన్‌లో మెలాండర్ అనే శాస్త్రవేత్త 1950లోనే దీని మీద రాశాడు. అంటే పెప్టైడ్ కాల్షియం కొత్తగా కనిపెట్టిన వింత కాదు. గ్లాసు పాలు, గ్లాసు మజ్జిగ తాగినప్పుడల్లా మన పొట్టలోనే తయారవుతా ఉంది. పళ్ళ డాక్టర్లు ఎనామెల్ గట్టిపడడానికి రాసే ఒక రకం క్రీములో కూడా ఇదే పెప్టైడ్ ఉంటుంది.

"నేరుగా ఎముకలోకి" అన్నది మాత్రం నిజం కాదు. కడుపులోని ఆమ్లంలో ఆ కట్టు చాలావరకు ఊడిపోతుంది. పేగులో మళ్ళీ కొంత కట్టుకోవచ్చు. పరిశోధనలు ఎక్కువగా ఎలుకల మీద, ప్రయోగశాలలో కణాల మీద జరిగాయి. మనుషుల మీద తక్కువ, వాటి ఫలితాలు కూడా ఒక తీరుగా లేవు. ఇంకొకటి, ఏ కాల్షియమైనా బాగా ఒంటికి పట్టాలంటే డి విటమిన్ కావాలి. టమాటా రైతులకి ఇది చెప్పక్కర్లేదు. నేలలో కాల్షియం ఉన్నా తడి సరిగ్గా ఇవ్వకపోతే అది కాయ దాకా చేరదు కదా. మన ఒంట్లో ఆ తడి లాంటిది డి విటమిన్.

"మేము ఎండలో పనిచేసేవాళ్ళం, మాకేం తక్కువ" అనుకోవద్దండీ. తిరుపతి స్విమ్స్ వైద్యులు చుట్టుపక్కల ఊర్లవాళ్ళని పరీక్షించి 2007లో ప్రచురించారు. పల్లెల్లో కూడా డి విటమిన్ తక్కువే ఉంది. తిండిలో కాల్షియం తక్కువ, ఫైటేట్ ఎక్కువ అని కూడా అందులోనే తేలింది.

ఇక డబ్బా లేబుల్. కళ్ళజోడు పెట్టుకొని చదివితే "కాల్షియం పెప్టైడ్ 500 మి.గ్రా." అని ఉంది. అది మొత్తం పదార్థం బరువు. అందులో అసలు కాల్షియం ఎంతో ఎక్కడా లేదు. మామూలు కార్బొనేట్‌లో నూటికి 40 వంతులు కాల్షియం. అందుకే 1250 మి.గ్రా. మాత్రలో 500 మి.గ్రా. వస్తుంది. సిట్రేట్‌లో 21 వంతులు. గ్లైసిన్ అనే అమైనో ఆమ్లంతో కట్టినదాంట్లోనూ 21 వంతులే. పెప్టైడ్ ముక్క గ్లైసిన్ కన్నా పెద్దది కాబట్టి కాల్షియం వంతు ఇంకా తగ్గచ్చు గానీ, సరే, 20 అనే వేసుకుందాం. 100 మి.గ్రా. వస్తుంది. 200 మి.లీ. ఆవు పాలలో 240 దాకా ఉంటుంది. ఇంట్లో ఆవుని పెట్టుకొని 1,900 పెట్టి మేము కొన్నది ఇది! ఐసీఎంఆర్ 2020 లెక్కల ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి 1000 మి.గ్రా., ముట్టు ఆగిన ఆడవాళ్ళకి 1200 కావాలి.

మూడు నెలల తర్వాత పరీక్ష చేయిస్తే అమ్మకి డి విటమిన్ బాగా తక్కువ అని వచ్చింది. డాక్టరు కోప్పడలేదు, "గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారా?" అని అడిగారు. అమ్మ ఏళ్ళ తరబడి పొద్దున్నే వేసుకుంటుంది, మేము ఎప్పుడూ చెప్పలేదు. కార్బొనేట్ కరగడానికి ఆమ్లం కావాలి, గ్యాస్ మాత్ర ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది. అందుకని సిట్రేట్‌కి మార్చి, ఒకేసారి కాకుండా రెండు పూటలు వేసుకోమన్నారు. 500 మి.గ్రా. దాటి ఒక్కసారిగా ఇస్తే ఒంటికి పట్టే వంతు తగ్గుతుందట. కార్బొనేట్ వాడేవాళ్ళు అన్నంతో పాటే వేసుకోవాలి. థైరాయిడ్ మాత్రకి, కాల్షియానికి మధ్య నాలుగు గంటలు తేడా ఉండాలి. ఐరన్ మాత్ర కూడా దీంతో కలిపి వేసుకోకూడదు. కిడ్నీలో రాళ్ళు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఏ కాల్షియమూ మొదలుపెట్టొద్దు.

తిండి సంగతికొస్తే మనకి రాగులున్నాయి. 100 గ్రాముల్లో 340 మి.గ్రా.కి పైనే కాల్షియం. ఫైటేట్ కూడా ఉంటుంది గానీ, నానబెట్టి మొలక కట్టినా, పిండి పులియబెట్టి అంబలి కాచినా అది తగ్గుతుంది. మా అవ్వ రాత్రి కాచిన అంబలి పొద్దున మజ్జిగ పోసి ఇచ్చేది. రాగి కాల్షియం, మజ్జిగలో కేసిన్, రెండూ ఒకే చెంబులో. మొలక రాగిపిండి ఎట్లా చేస్తామో కింది వీడియోలో అమ్మే చూపించింది.

ఇక ఆ గుడ్డు పెంకుల ద్రావణం. పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. వెనిగర్ పోస్తే బుసబుసా పొంగి కాల్షియం ఎసిటేట్ అవుతుంది. ఇందులో పెప్టైడ్ గిప్టైడ్ ఏమీ లేదు. ఎసిటేట్‌ని కిడ్నీ రోగులకి రక్తంలో ఫాస్ఫరస్ తగ్గించడానికి డాక్టర్లు కొలిచి ఇస్తారు. మనం చేసే డబ్బాలో ఎంత గాఢత ఉందో కొలిచేది ఎవరు? పెంకుల మీద కోళ్ళ పెంట, సాల్మొనెల్లా క్రిములు ఉండొచ్చు. పొలంలో లీటరు నీటికి 1 మి.లీ. కలిపి కొడుతున్నాం కాబట్టి సరిపోతుంది. మా ఇంట్లో ఆ సీసాని వంటింటి వెనిగర్ పక్క నుంచి తీసేసి, 'పంటకి మాత్రమే' అని పెయింటుతో రాసి మోటారు కొట్టంలో పెట్టాను.