గాటు మానినది, కుట్టు మానినదా?



ఇంటిలో నొకరికి చేయి విరిగినచో, కట్టును జూచి వారికి పని చెప్పుట మానుదుము. మోకాలిలోపల కుట్టు పడినవారికో, బయట గానవచ్చునవి రెండు మూడు చిన్నగాట్లు మాత్రమే. అవి పదునైదు దినములలో మానిపోవును. అంతటితో బాధ తీరినదని యింటివారు తలంతురు. మేమును అట్లే తలంచితిమి. ఆ తలంపువలన గలిగిన నష్టమే మాచే నీ వ్యాసమును వ్రాయించుచున్నది.

గడచిన వేసవిలో మా చిన్నతోడికోడలు తడిసిన పెరటిబండపై జారెను. పాదము నేలనంటి యుండగనే మోకాలు మెలితిరిగెను. ఆ రాత్రి వాపు వచ్చినది. మరునాడు కాలు చాపబోయిన నడుమనే బిగిసికొనెను. ఎం.ఆర్.ఐ. పటము తీసి, మెనిస్కస్ చినిగినదని వైద్యులు నిర్ణయించి, ఆషాఢములో శస్త్రచికిత్స చేసి కుట్టిరి.

మెనిస్కస్ అననేమి? తొడయెముకకును దాని క్రింది కాలియెముకకును నడుమ, ప్రతి మోకాలియందును రెండేసి మృదులాస్థి ఖండములు నెలవంకలవలె నమరియుండును. శరీరభారమును పంచుచు, అదురును తగ్గించుచు, కీలును కాచునవి యివియే. సుశ్రుతసంహిత మన దేహమున 107 మర్మములను లెక్కించి, జానువును అందొకటిగా జేర్చి, అచ్చట దెబ్బ తగిలినచో కుంటితనము కలుగునని చెప్పుచున్నది.

ఒకప్పుడు పాశ్చాత్యవైద్యులు చినిగిన మెనిస్కసును తీసివేయుటయే వాడుకగా నుండెను. అట్లు తీసివేయబడిన మోకాళ్లలో కీలు అరుగుదల గుర్తులు పొడసూపుచున్నవని 1948లో ఫెయిర్‌బ్యాంక్ అను నాంగ్లవైద్యుడు ఎక్స్‌రే పటములతో చూపెను. ఎడింబరోలో అన్నండేల్ 1883లోనే యొక మెనిస్కసును కుట్టియుండెను గాని ఆ మార్గము చిరకాలము వ్యాప్తికి రాలేదు. 1969లో టోకియోయందు ఇకేయుచి అను వైద్యుడు, సన్నని గొట్టమువంటి దర్శినితో కీలులోపల జూచుచు కుట్టు వేసెను. నేడు కుట్టుటకు వీలున్నచో కుట్టి నిలుపుటయే మేలని వైద్యుల మతము.

అయినను ఈ కుట్టు త్వరగా మానదు. మెనిస్కసునకు వెలుపలి యంచుననే రక్తప్రసారము గలదు. పెద్దవారికి లోపలియంచున లేదు. ముక్కను కత్తిరించినవారు కొలదివారములలో తిరుగగలరు. కుట్టించుకొన్నవారికి నెలలు పట్టును. పొరుగామె త్వరగా నడచినదని మన యింటి యామెను తొందరపెట్టరాదు.

నాలుగు నెలలు గొంతుకూర్చుండరాదని వైద్యులు కాగితముపై వ్రాసి యిచ్చిరి. మావారు బడినుండి వచ్చి దానిని చదివి వినిపించిరి. మేమా కాగితమును పంచాంగములో బెట్టి మరచితిమి. శ్రావణమున వరలక్ష్మీవ్రతము వచ్చెను. “గాటు మానినది గదమ్మా, వాకిట నాలుగు గీతలు ముగ్గు వేయరాదా?” అన్నవారము మేమే. ఆమె కాదనలేదు. మోకాలు పూర్తిగ ముడిచి కూర్చున్నప్పుడు మెనిస్కసు వెనుకభాగము యెముకలనడుమ నొత్తుకొనును, కుట్టు లాగబడును. ఆమె లేచునప్పుడు లోపల టక్కుమనెను. కుట్టు తెగినది. రెండవమారు శస్త్రచికిత్స చేసి, ఆ ముక్కను తీసివేయవలసివచ్చెను. ఆమెకు 28 ఏండ్లు. ఇంక మిగిలిన దానితోనే ఆ మోకాలు జీవితమంతయు భారము మోయవలెను.

కావున, సోదరీమణులారా, ఇట్టి శస్త్రచికిత్స జరిగిన యింట గమనింపవలసినవి కొన్ని విన్నవింతుము. పాదముపై నెంత బరువు మోపవచ్చునో, పట్టీ యెన్నాళ్లుంచవలెనో చినుగును బట్టి మారును. అది వైద్యుని మాట. సాధారణముగ మొదటి నాలుగు నుండి ఆరు వారములు మోకాలిని 90 డిగ్రీలు మించి ముడువనీయరు. గొంతుకూర్చుండుట, బాసిపట్లు వేసికొనుట, మెలితిరుగుట నాలుగునుండి ఆరునెలలవరకు కూడదు. కుర్చీవంటి మరుగుదొడ్డి యుండవలెను. కత్తిపీటను మాని బల్లపై కత్తితో కూరలు తరుగవలెను.

ఊరక పడియుండుటయు హానియే. వైద్యుడు చెప్పిన నాటినుండి, చుట్టిన తువ్వాలును మోకాలిక్రింద నుంచి అదిమిపట్టుట, కాలు చాచి పైకెత్తుట మున్నగు సాధనలవలన తొడకండ బలపడును. బరువు హెచ్చినవారు ఒక్క కిలో తగ్గినను, అడుగడుగునను మోకాలిపై దాదాపు నాలుగు కిలోల భారము తగ్గును. జ్వరము, గాటునుండి చీము, మోకాలు మరల బిగిసికొనుట కలిగినచో వెంటనే వైద్యునకు చూపవలెను. పిక్కలో వాపును నొప్పియు గలిగినను, ఎగశ్వాస పుట్టినను గడియయైన జాగుచేయరాదు, రక్తపుగడ్డ కావచ్చును.

మా తోడికోడలు మమ్ము నొక్కమాట యనలేదు. ఇప్పుడు వాకిట ముగ్గు మేము వేయుచున్నాము; ఆమె అరుగుపై కుర్చీలో కూర్చుండి కాలు చాచి యెత్తుచు లెక్కించుకొనుచున్నది. “ఓర్చినమ్మకు తేటనీరు” అందురు పెద్దలు. ఆమె ఓర్చియే యుండెను, ఓర్వలేకపోయినవారము మేము. ఇట్టి మోకాలు గల యింట మొదట ఓర్పు నేర్వవలసినవారు రోగి చుట్టునున్నవారే. వైద్యుడిచ్చిన కాగితమును పంచాంగములో దాచక, అందరి కంటబడునట్లు గోడకు తగిలింపుడని మా ప్రార్థన.