యాభై రూపాయల టీకా

బైపీసీ గొప్పదా, సీఈసీ గొప్పదా? మన హాస్టల్లో ఈ వాదన మామూలే. జవాబు చైతన్యపురికి దగ్గర్లోనే ఉంది.

కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బికి ఒకప్పుడు టీకా విదేశాల నుంచే వచ్చేది. డోసు ధర వందల రూపాయలు. పేదలు కొనలేరు. 1993లో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం, హబ్సిగూడ సీసీఎంబీ ప్రయోగశాలల్లో పరిశోధన సాగింది. ఈస్ట్ కణాలతో టీకా ప్రొటీన్ తయారైంది. ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి పెట్టారు. 1997లో టీకా సుమారు 50 రూపాయలకే మార్కెట్లోకి వచ్చింది.

మిత్రులారా! విజ్ఞానం, పెట్టుబడి, వ్యాపారం – వీటిలో ఏ ఒక్కటి లేకున్నా ఆ టీకా పేదపిల్లల దాకా వచ్చేది కాదు. అందుకే వాదన మాని, ఒకరి పుస్తకం ఒకరం తెరిచి చూద్దాం.