‘ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి’ అంటే పరిష్కారం కాదు!

మీ ఊరి సమస్యపై ఆధారాలతో వ్యాసం రాయడం ఎలా?

‘మీ ప్రాంతంలోని ఒక సమస్యను వివరించి, పరిష్కారం సూచించండి.’ పోటీ పరీక్షలోనో, గ్రూప్ డిస్కషన్‌లోనో, ఇంటర్వ్యూ బోర్డు ముందో ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. రామగుండం జ్యోతినగర్ విద్యార్థులకైతే వెంటనే గుర్తొచ్చేది బూడిదే. కానీ చాలా వ్యాసాలు ‘ప్రజలు తీవ్ర ఇబ్బందులు పడుతున్నారు’ అని మొదలై, ‘ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి’ అని ముగుస్తాయి. మధ్యలో సరుకు ఉండదు. మార్కులు పోయేది అక్కడే. ఊరి వాళ్ల బాధ అధికారి బల్ల దాకా వెళ్లి ఆగిపోయేదీ అక్కడే.

టీజీపీఎస్సీ గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సేకి 150 మార్కులు. మూడు విభాగాల నుంచి ఒక్కో వ్యాసం, ఒక్కోదానికి 50. మొదటి విభాగమే సమకాలీన సామాజిక సమస్యలు. యూపీఎస్సీ సివిల్స్‌లో ఎస్సే పేపర్ 250 మార్కులకు. కాబట్టి ఇది నేర్చుకుంటే ఊరికీ పనికొస్తుంది, ఉద్యోగానికీ పనికొస్తుంది. బూడిద సమస్యనే ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

సమస్యను చిన్నది చేయండి

‘కాలుష్యం’ అనేది వ్యాసానికి అంశం కాదు, అదొక సముద్రం. ‘రామగుండంలో బూడిద కాలుష్యం’ అన్నా ఇంకా పెద్దదే. ‘ఎండాకాలంలో కుందనపల్లి బూడిద చెరువు నుంచి, రవాణా లారీల నుంచి లేచే దుమ్మును తగ్గించడం ఎలా?’ అంటే రాయొచ్చు. ఎక్కడ, ఎప్పుడు, దేనివల్ల అన్న మూడూ అందులో ఉన్నాయి. సమస్య ఎంత చిన్నగా కోస్తే పరిష్కారం అంత గట్టిగా వస్తుంది.

లెక్క మీరే వేయండి

‘టన్నుల కొద్దీ బూడిద’ అంటే ఎవరూ కదలరు. ఇలా లెక్కేయండి. ఎన్టీపీసీ రామగుండంలో తొలి యూనిట్ 1983లో మొదలైంది. ఈ కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లు. ఒక రోజంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే 6.24 కోట్ల యూనిట్ల కరెంటు వస్తుంది. యూనిట్‌కు 0.7 కిలోల బొగ్గు అనుకుంటే సుమారు 43,700 టన్నుల బొగ్గు కావాలి. మన దేశపు బొగ్గులో బూడిద సాధారణంగా 30 నుంచి 45 శాతం ఉంటుంది. మూడో వంతే అనుకున్నా రోజుకు 14,500 టన్నుల బూడిద! పక్కనే 1,600 మెగావాట్ల తెలంగాణ ప్రాజెక్టు లెక్క దీనికి అదనం.

ఇది అంచనా మాత్రమే. ఆ మాట వ్యాసంలోనూ రాయాలి. కేంద్రాల వారీగా ఏటా ఎంత బూడిద వచ్చింది, ఎంత వాడారు అనేది సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ నివేదికల్లో దొరుకుతుంది. దొరకని వివరం కోసం సమాచార హక్కు చట్టం-2005 కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

కాగితాలతోపాటు కాళ్లకూ పని చెప్పండి. ఇరవై ఇళ్లకు వెళ్లి ఒకేలా మూడు ప్రశ్నలు అడగండి. ఏ నెలల్లో దుమ్ము ఎక్కువ? రోజులో ఏ సమయంలో? దానివల్ల ఏ పని ఆగిపోతోంది? ‘ఆరేసిన బట్టలు మళ్లా ఉతుకుడే’ అని ఒకామె చెప్తే, ఆ మాట రాయండి. కానీ ఇరవై ఇళ్లను అడిగి ‘ప్రజలంతా’ అని రాయకండి. ‘మేం అడిగిన ఇరవై ఇళ్లలో ఇన్ని’ అనండి. నమ్మకం పెరుగుతుంది.

చట్టం ఏమంటోంది?

ఇప్పటికే ఉన్న నిబంధనను కొత్త డిమాండ్‌లా రాస్తే పరీక్షకుడికి మీరు చదవలేదని తెలిసిపోతుంది. కేంద్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబరు 31న బూడిద వినియోగంపై నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ప్రకారం బొగ్గు విద్యుత్ కేంద్రాలు నూటికి నూరు శాతం బూడిదను వినియోగంలోకి తేవాలి. తప్పితే టన్నుకు రూ.1,000 చొప్పున పర్యావరణ పరిహారం కట్టాలి. ఇటుకలు, సిమెంట్, రోడ్ల పనులు, గని గోతులు నింపడం వంటివి అనుమతించిన మార్గాలు. అంటే అడగాల్సింది ‘చట్టం తేవాలి’ అని కాదు, ‘ఉన్నదాన్ని ఇక్కడ ఇలా అమలు చేయాలి’ అని.

ఎవరు, ఏం, ఎప్పటిలోగా?

పరిష్కారంలోని ప్రతి వాక్యానికీ ఒక కర్త ఉండాలి. ఈ రెండూ పోల్చి చూడండి.

బలహీనం: ‘బూడిద కాలుష్యాన్ని అరికట్టేందుకు సంబంధిత అధికారులు కృషి చేయాలి.’

బలమైనది: ‘ఫిబ్రవరి నుంచి జూన్ వరకు బూడిద చెరువులో ఎండిన భాగాన్ని విద్యుత్ కేంద్రం రోజూ తడపాలి. టార్పాలిన్ కప్పని లారీని రవాణా శాఖ రోడ్డెక్కనివ్వకూడదు. రామగుండం నగరపాలక సంస్థ తన ప్రహరీలు, కాలిబాటల టెండర్లలో బూడిద ఇటుకలనే అడగాలి.’

రెండోదాంట్లో ముగ్గురికి మూడు పనులు పడ్డాయి. వచ్చే ఏడాది ఎవరైనా వెళ్లి ‘జరిగిందా, లేదా’ అని చూసుకోవచ్చు.

ఎదుటివాడి మాట కూడా రాయండి

చాలామంది వదిలేసే భాగం ఇదే. గని గోతుల్లో బూడిద నింపితే అందులోని ఆర్సెనిక్, క్రోమియం లాంటివి భూగర్భజలాల్లోకి దిగవా? బూడిద ఇటుకలొస్తే మట్టి ఇటుక బట్టీల కూలీల సంగతేంటి? రవాణా ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్నలు మీరే వేసి మీరే జవాబివ్వండి. గోతి చుట్టూ బావుల నీటిని ఏడాదికి రెండుసార్లు పరీక్షించి ఫలితాలు పంచాయతీ బోర్డు మీద పెట్టాలని, కొత్త ఇటుక యూనిట్లలో బట్టీ కూలీలకు ముందు అవకాశం ఇవ్వాలని రాయొచ్చు. పూర్తి జవాబు లేకపోతే లేదనే ఒప్పుకోండి. అలాగని బూడిదను పోగేసి ఉంచడమూ క్షేమం కాదు. 2008 డిసెంబరులో అమెరికాలోని టెన్నెసీలో కింగ్‌స్టన్ విద్యుత్ కేంద్రం బూడిద కట్ట తెగి ఇళ్లను, నదిని ముంచెత్తింది.

జ్యోతినగర్‌లో చాలా ఇళ్లకు అన్నం పెట్టేది ఈ ప్లాంటు, ఈ గనులే. ‘మూసేయండి’ అని రాయడం తేలిక. ఉద్యోగాలు నిలవాలి, ఊపిరీ నిలవాలి అని లెక్కతో రాయడమే కష్టం. పరీక్షకుడు వెతికేది అదే.

రాశాక ఒక కాపీని వార్డు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. రేపు ఇంటర్వ్యూలో ‘మీ ఊరి కోసం ఏం చేశారు?’ అని అడిగితే చూపించడానికి చేతిలో కాగితం ఉంటుంది.