కొట్టినోడి పేరెక్కడ? - కొత్త ఆల్బమ్‌లను మనమెట్లా వినాలి

కొత్త ఆల్బమ్ వచ్చిందంటే పత్రికల్లో సమీక్షలు వస్తాయి. గొంతు ఎట్లా ఉంది, బాణీ కొత్తదా పాతదా, సాహిత్యం బాగుందా అనే మూడు ప్రశ్నల చుట్టే అవి తిరుగుతుంటాయి. ఈ ప్రశ్నలు తప్పని మేము అనడం లేదు. కాని వీటితోనే విమర్శ పూర్తయిందనుకోవడం మాత్రం, పాటను పని నుంచి విడదీసి చూడటానికి అలవాటుపడ్డ కులాల పద్ధతి. ఆ పద్ధతి మాకూ అంటుకుంది. అది ఎట్లా బయటపడిందో ముందు చెప్పాలి.

ఒకసారి ఊరికి పోయినప్పుడు మా పెద్దనాయనకు సెల్‌ఫోన్‌లో ఒక సినిమా పాట వినిపించాం. నలభై ఏండ్లు చావుకీ జాతరకీ దప్పు కొట్టిన మనిషి ఆయన. పాట మొత్తం విన్నాడు. గొంతు గురించి ఒక్క మాట అనలేదు. "ఈ దప్పు కొట్టినోడు ఎవడు బిడ్డా? మంటకు బాగ కాసిండు, లేకుంటే ఆ మోత రాదు" అన్నాడు. పాట కింద ఇచ్చిన పేర్లన్నీ వెతికాం. రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు, రికార్డు చేసినవారు అందరూ ఉన్నారు. దప్పు కొట్టిన మనిషి లేడు. "అంతమంది పేర్లు రాసి, కొట్టినోడిది మరిచిపోయిన్రా?" అన్నాడు. అదే పాట మీద మేము అప్పటికే ఒక వ్యాసం రాసి ఉన్నాం. అందులో దప్పును 'ప్రతిఘటన స్వరం' అని పొగిడాం. కొట్టిన మనిషి గురించి ఒక్క వాక్యం లేదు. యూనివర్సిటీలో అన్నేండ్లు చదివిన మాకు తట్టని ప్రశ్న, బడి ముఖం చూడని ఆయనకు తట్టింది.

ఆ ప్రశ్న పట్టుకొని ఈ పదేళ్లలో వచ్చిన కొన్ని పాటలను, ఆల్బమ్‌లను మళ్లీ విన్నాం.

మద్రాసు వీధి గొంతు

దర్శకుడు పా. రంజిత్, సంగీత దర్శకుడు టెన్మా కలిసి కూర్చిన 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' బృందం 2018 జనవరిలో చెన్నైలో మొదటి కచేరీ చేసింది. 19 మంది. పేరు అయోతీదాస పండితుడు వాడిన 'కులం లేని తమిళులు' అన్న మాట నుంచి తీసుకున్నారు. ఉత్తర చెన్నై వాడల్లో చావు దగ్గర పుట్టిన గానా పాటను, పరై మోతను, రాప్‌నూ గిటారునూ ఒకే వేదిక మీద నిలబెట్టారు. గొడ్డు మాంసం మీద, రిజర్వేషన్ మీద పాటలు కట్టారు. ఇందులో మాకు ముఖ్యంగా కనిపించేది, వాయించేవాళ్లు వెనక చీకట్లో కాకుండా పాడేవాళ్ల పక్కనే ఒకే రకం సూటు వేసుకొని నిలబడటం. లోపాలూ ఉన్నాయి. కొన్ని పాటల్లో డ్రమ్సు, గిటారు గోలలో గానా గొంతులోని ఏడుపు మునిగిపోతుంది. తొలినాళ్లలో అంతమంది మగవాళ్ల మధ్య ఇసైవాణి ఒక్కతే ఆడమనిషి. 2020లో బీబీసీ వంద మంది మహిళల జాబితాలో ఆమె పేరు వచ్చింది, సంతోషమే. కాని ఒక్కరితో సరిపెట్టుకుంటే అది మన ఇంటి లోపమే అవుతుంది.

ఆ బృందంలోని అరివు, ఓఫ్రో అనే సంగీతకారుడితో కలిసి 2019లో 'తెరుక్కురళ్' ఆల్బమ్ తెచ్చాడు. తిరుక్కురళ్ పేరును కాస్త తిప్పి 'వీధి గొంతు' చేశాడు. దీని బలం పొదుపులో ఉంది. మాట వినబడేంత వరకే మోత ఉంటుంది. మంచి మాట ఉన్నంత మాత్రాన మంచి పాట అయిపోదన్న సంగతి ఈ ఇద్దరికీ తెలుసు. మన ఉద్యమ పాటల ఆల్బమ్‌లలో చాలావాటికి లేని జాగ్రత్త ఇది.

అవ్వ కథ, మనవడి పేరు

2021 మార్చిలో 'ఎంజాయ్ ఎంజామి' వచ్చింది. పాడింది ధీ, అరివు. నిర్మించింది సంతోష్ నారాయణన్. శ్రీలంక తేయాకు తోటల్లో కూలి చేసి తిరిగొచ్చిన అరివు అవ్వ వళ్ళియమ్మ జీవితం ఆ పాటకు మూలం. 1964 నాటి సిరిమావో-శాస్త్రి ఒప్పందం ప్రకారం 5,25,000 మందిని శ్రీలంక నుంచి ఇండియాకు పంపాలని రెండు ప్రభుత్వాలు రాసుకున్నాయి. తోటలు పెంచినవాళ్లకు తోటలో చోటు లేకుండా పోయిన చరిత్ర అది. పాట ప్రపంచమంతా మోగింది. అదే ఏడు ఆగస్టులో ఒక పెద్ద సంగీత పత్రిక ముఖచిత్రం మీద అరివు లేడు. గొడవయ్యాక అతని బొమ్మతో వేరే ముఖచిత్రం విడుదల చేశారు. 2022లో చెన్నై చదరంగ ఒలింపియాడ్ ప్రారంభంలో ఆ పాట అతను లేకుండానే జరిగింది. పాటను కూర్చింది, రాసింది, పాడింది తానేనని అరివు ప్రకటించాడు. అది ఉమ్మడి కృషి అని సంతోష్ నారాయణన్ జవాబిచ్చారు. 2024 మార్చిలో, మూడేళ్లయినా ఆ పాట మీద తమకెవరికీ పైసా రాలేదని ఆయనే బయటపెట్టారు.

ఇందులో ఎవరి వాటా ఎంతో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. కాని పాట పుట్టినరోజే ఎవరు ఏం చేశారో వివరంగా రాసి ఉంటే ఈ తగవు ఇంత దూరం వచ్చేదా అని అడుగుతున్నాం. 2024లో అరివు తన కొత్త ఆల్బమ్‌కు 'వళ్ళియమ్మ పేరాండి' అని పేరు పెట్టాడు. వళ్ళియమ్మ మనవడు అని అర్థం. ఈసారి ఎవరూ తీసేయలేని చోట, అట్ట మీదనే, అవ్వ పేరు రాసుకున్నాడు.

పంజాబ్, తంజావూరు, మన ఊర్లు

పంజాబ్‌లో కథ ఇంకో రకం. అక్కడి పాటల్లో జాట్ల పొగరు, తుపాకులు, భూములు ఎప్పటినుంచో ఉన్నాయి. 2009లో వియన్నాలో సంత్ రామానంద్ హత్య జరిగాక రవిదాసీయుల పాటలు వెల్లువెత్తాయి. జలంధర్ అమ్మాయి గిన్నీ మాహీ ఆ వెల్లువలోంచి వచ్చింది. సంత్ రవిదాస్ మీద భక్తి పాటల ఆల్బమ్‌లు తెచ్చి, తర్వాత అంబేద్కర్ మీద పాడి, తిట్టుగా వాడే కులం పేరును 'డేంజర్ చమార్' పాటలో తలెత్తి చెప్పింది. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. అయితే మీసం తిప్పే ఆ బాణీ, ఆ వీరత్వం జాట్ పాట నుంచి అరువు తెచ్చుకున్నవే. వాళ్ల అచ్చులో మన మట్టి పోస్తే వచ్చే బొమ్మ ఎవరిలా ఉంటుందో మనం ఆలోచించుకోవాలి.

కర్ణాటక సంగీతం ఆల్బమ్‌ల మీద మృదంగ విద్వాంసుడి పేరు తప్పక ఉంటుంది. మృదంగం చేసినవాడి పేరు ఉండదు. ఆవు, గేదె, మేక తోళ్లు లేకుండా మృదంగం లేదు. ఆ తోలు పని చేసేవాళ్లలో దళిత క్రైస్తవులు ఎందరో. పాల్ఘాట్ మణి అయ్యర్ మృదంగం వెనక పర్లాందు అనే పనివాడి చెయ్యి ఉందని టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకంలో రాస్తే, ఆ పుస్తకావిష్కరణకు ఇచ్చిన అనుమతిని కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది.

ఇక మన దగ్గర. 2021లోనే 'సారంగ దరియా' సినిమా పాటగా వచ్చింది. ఊళ్లలో పాడుకునే పాట అది. దాన్ని సేకరించి ముందే టీవీలో పాడానని ఒక జానపద గాయని అడిగేదాకా ఆమె ఊసు లేదు. అదే ఏడు 'భీమ్లా నాయక్' పాట దర్శనం మొగులయ్య గొంతుతో మొదలయింది. పన్నెండు మెట్ల కిన్నెర మోసిన దక్కలి కళాకారుడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పనికి పోతున్నాడన్న వార్త చూశాం. అంటే పేరు రావడం ఒక్కటే చాలదు, పేరు వెంట పైసా రావాలి.

పేరుకూ పైసకూ ఉన్న లంకె

ఈ లంకె చట్టంలోనే ఉంది. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి రాయల్టీలో సమాన వాటా హక్కు ఇచ్చారు. ఆ హక్కును కంపెనీకి రాసిచ్చినా చెల్లదు. కళాకారులకూ వ్యాపార వాడకం మీద రాయల్టీ హక్కు వచ్చింది. చట్టం 'కళాకారుడు' అన్నప్పుడు పాడేవాళ్లే కాదు, వాయించేవాళ్లూ అందులో ఉన్నారు. అంటే చట్టం మాట ప్రకారం మా పెద్దనాయన లాంటివాడు కూడా ఉన్నాడు. కాని తాను కొట్టానని ఆయన దేనితో రుజువు చేసుకోవాలి? ఒక పూట కూలి ఇచ్చి రికార్డు చేసుకొని పంపిస్తారు. కాగితం ఉండదు, జాబితాలో పేరు ఉండదు. ఇక కర్త తెలియని జానపదం మీద ఎవరికీ హక్కు లేదంటారు. దాన్ని స్టూడియోలో కొత్తగా అమర్చినవారికి మాత్రం ఆ అమరిక మీద హక్కు వస్తుంది. వందేండ్లు పాడి కాపాడినవాళ్లకు ఏమీ రాదు.

కాబట్టి జాబితాలో పేరు అనేది మర్యాద కోసం అడిగేది కాదు. అది బతుకుదెరువుకు దస్తావేజు.

అందుకే మిత్రులను మేము కోరేది ఇది. ఆల్బమ్ మీద రాసేటప్పుడు గొంతు గురించి, బాణీ గురించి రాయండి. మనవాళ్లదని లోపాలు దాచకండి, దాస్తే పాటే నష్టపోతుంది. దానితోపాటు ఎవరు వాయించారు, వాయిద్యం ఎవరు చేశారు, పాట ఎవరి నోటినుంచి వచ్చింది, ఎవరికి ఎంత ముట్టింది అని అడగండి. పేరు లేకపోతే లేదని రాయండి. టీచర్లు పిల్లలతో ఒక పాట తీసుకొని ఆ పేర్లు వెతికించవచ్చు. వాడల్లో రికార్డింగుకు పోయే దప్పు బృందాలకు, ఒక కాగితం మీద పేర్లు రాయించుకొని సంతకం తీసుకోమని కార్యకర్తలు చెప్పవచ్చు. చెక్క చట్రానికి మేకతోలు చింతగింజల జిగురుతో అంటించి, మంట మీద కాచి, సిర్ర, చిటికెన పుల్ల పట్టుకొని రాత్రంతా కొట్టే మనిషికి ఆ మోత తనదేనని చెప్పుకునే హక్కు ఉంది.

ఆ పాట మీద మేము రాసిన పాత వ్యాసానికి సవరణ రాయాలని ఆ దప్పు కొట్టిన మనిషి కోసం ఇంకా వెతుకుతున్నాం. దొరికితే ముందు మా పెద్దనాయనకు చెబుతాం.