లోహానికి ఎముక పూత

అరిగిపోయిన తుంటి కీలు స్థానంలో అమర్చే లోహపు కాడ ఏళ్ల తరబడి మనిషి బరువు మోయాలి కనుక దానికి బలం తప్పనిసరి. అయితే తొడ ఎముక ఆ కాడను తనలో కలుపుకుంటుందా, లేక పరాయి వస్తువుగా భావించి చుట్టూ పీచు కణజాలం అల్లి వేరుచేస్తుందా అన్నది చాలావరకు దాని ఉపరితలాన్ని బట్టి ఉంటుంది. ఆ ఉపరితలాన్ని శరీరానికి సరిపడేలా తీర్చిదిద్దేవే జీవపదార్థాల (శరీరంలో అమర్చడానికి వాడే పదార్థాల) మీది పలుచని పూతలు.

1952లో స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ కుందేలు ఎముకలో అమర్చిన టైటానియం పరికరాన్ని తిరిగి తీయబోతే, అది ఎముకతో ఏకమైపోయి ఊడి రాలేదు. గాలి తగలగానే టైటానియం మీద తనంతట తానే ఏర్పడే కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర లోహాన్ని తుప్పు నుంచి కాపాడి, ఎముక కణాలు దగ్గరకు చేరడానికి వీలు కల్పిస్తుంది.

ఈ కలయికను త్వరపరచడానికి ఎముకలోని ఖనిజాన్ని పోలిన హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేట్‌ను లోహానికి పూయడం మొదలైంది. 1985లో లండన్‌లో రొనాల్డ్ ఫర్లాంగ్ ఈ పూత ఉన్న తుంటి కాడను రోగికి అమర్చారు. పది వేల డిగ్రీలు దాటిన ప్లాస్మా జ్వాలలోకి ఖనిజపు పొడిని వదిలితే, సగం కరిగిన రేణువులు లోహానికి తగిలి చదునై, ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. శరీరంలో ఈ పూత నుంచి కొద్దికొద్దిగా కరిగే కాల్షియం, ఫాస్ఫేట్‌లు ఉపరితలం మీదే కొత్త ఖనిజంగా పేరుకోగా, ఎముకను నిర్మించే కణాలు అక్కడ అతుక్కొని కొత్త ఎముకను పరుస్తాయి.

అయితే యాభై నుంచి రెండు వందల మైక్రాన్ల మందం ఉండే ఈ పూత పింగాణీలా పెళుసు కనుక పెచ్చులూడే ప్రమాదం ఉంది. పైగా, కణజాల ఇంజినీరింగ్‌లో కణాలు పెరగడానికి ఆధారంగా వాడే స్పంజి వంటి పాలిమర్ చట్రాలు ఆ వేడికి తట్టుకోలేవు, వాటి లోపలి రంధ్రాల్లోకి జ్వాల చేరనూ లేదు. జపాన్‌లోని క్యోటోకు చెందిన తడాషి కొకుబో ఇందుకు వేరే దారి చూపారు. రక్తంలోని ద్రవభాగంతో దాదాపు సమానమైన లవణాలున్న ద్రావణంలో, తగిన విధంగా సిద్ధం చేసిన వస్తువును 36.5 డిగ్రీల వద్ద నానబెడితే, ద్రావణం చేరిన రంధ్రాల గోడల మీద కూడా ఎముక ఖనిజం వంటి పలుచని పొర దానంతటదే పెరుగుతుంది.

పూత ఎంత మేలైనదైనా, తొలి వారాల్లో ఎముకకూ లోహానికీ మధ్య కదలిక సుమారు 150 మైక్రాన్లు, అంటే రెండు వెంట్రుకల మందం దాటితే, అక్కడ ఎముకకు బదులు పీచు కణజాలమే పెరుగుతుంది. కనుక ఆపరేషన్ తరువాత కాలి మీద ఎంత బరువు మోపాలో డాక్టరు చెప్పే మాటను రోగి, ఇంటివారు తు.చ. తప్పకుండా పాటించాలి.